పిన్నిగారి నీలం ఆకులు

మా ఏలూరులో చేతికుట్టుకి పనికొచ్చే రోజులు ఏడాదిలో రెండు నెలలకి మించి ఉండవు. ఈ మాట మామూలు వాళ్ళకి చెబితే నవ్వుతారు గాని, సూది పట్టినవాళ్ళకి తెలుసు. ఎండాకాలం వేళ్ళకి చెమట పడుతుంది, తెల్లగుడ్డ మీద మరకలవుతాయి. వానాకాలం గుడ్డ చెమ్మగా ఉండి సూది కదలనంటుంది. వీటన్నిటికీ మించి ఫాను. అది తిరుగుతున్నంతసేపూ దారం లచ్ఛిలోంచి విడదీసిన పోగు ఒకటి ముక్కు మీద, ఒకటి నోట్లో, ఒకటి పక్కింట్లో ఉంటుంది. ఫాను లేకుండా మా ఊళ్ళో మనిషి బతకలేడు. కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టిన పొద్దున మాత్రమే మా ఇంట్లో ఫాను ఆగుతుంది. ఆ రోజే నేను కుట్టు రింగు బయటికి తీస్తాను.

మా చలి ఒక చలేనా అని ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళు ఎగతాళి చేస్తారు. చేసుకోనీండి. మా ఆయన పాలపేకెట్టుకి సందు చివరిదాకా వెళ్ళడానికి స్వెట్టరు, మఫ్లరు, మంకీ క్యాపు వేసుకుని, ఏదో హిమాలయాలకి బయల్దేరినట్టు నాకు చెప్పి మరీ వెళ్తారు. కొల్లేటి వైపు నుంచి వచ్చే మంచు పొద్దున ఎనిమిదిన్నరైనా సందులోంచి కదలదు. ఆకివీడు నుంచి చేపలు తెచ్చే లారీలు లైట్లు వేసుకునే వెళ్తాయి. తొమ్మిదింటికి తూర్పు కిటికీలోంచి పల్చటి ఎండ గచ్చు మీద చాపంత మేర పడుతుంది. ఆ ఎండలో కాళ్ళు పెట్టుకుని, ఒళ్ళో రింగు పెట్టుకుని కూర్చుంటే నాకు ఎవరి మీదా కోపం ఉండదు. నా సంగతి తెలిసినవాళ్ళకి ఇది ఎంత గొప్ప విషయమో అర్థమవుతుంది.

ఎందుకంటే నేను పుట్టింది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం ఇంట్లో. లారీ దిగిందంటే సరుకు కదలాలి, లేకపోతే కుళ్ళుతుంది. మా ఇంట్లో అన్నం తినడం కూడా లారీ వచ్చినట్టే తినేవాళ్ళం. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళపైన ఒక ఆఫీసులో టైపిస్టుగా చేశాను. అక్కడ కూడా తొందరే. రిటైరైన మొదటి నెలలో ఏం చెయ్యాలో తోచక మా ఆయన మీద రోజుకి నాలుగుసార్లు విసుక్కునేదాన్ని. ఆయనే ఒకరోజు, "పక్కవాటా పిన్నిగారి దగ్గరకి వెళ్ళి కాసేపు కూర్చోకూడదా? ఆవిడకీ తోడు, నాకూ ప్రాణం సుఖం" అన్నారు.

పక్కవాటా పిన్నిగారంటే మా గోడకి అవతల ఉండే టైలరు కుటుంబంలో పెద్దావిడ. భర్త ఉన్నప్పుడు ఆయన మిషను మీద జాకెట్లు కుడితే, ఈవిడ ఇంట్లో కూర్చుని వాటి మీద పువ్వులు కుట్టేవారట. ఏలూరు షావుకార్ల ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకి ఆవిడ చేతిపని ఉండి తీరవలసిందేనని చాలామంది దగ్గర విన్నాను. ఇప్పుడు కొడుకు షాపు నడుపుతున్నాడు. కంప్యూటరు మిషను పెట్టాడు. అది గంటలో పది పువ్వులు కుడుతుంది. పిన్నిగారు ఆ మిషనుని మాట పడనివ్వరు గాని, దాని పక్కన కూర్చోరు.

నేర్పడంలో ఆవిడకి ఎవరూ సాటిరారు, విసిగించడంలో కూడా. మొదటి వారం రోజులు నాచేత పువ్వు కుట్టించలేదు. ఒక సరళరేఖ గీసి, దాని మీద కాడకుట్టు కుట్టమన్నారు. కుట్టి చూపిస్తే ముందువైపు చూడకుండా గుడ్డ తిరగేసేవారు. "వెనక చూస్తే తెలుస్తదమ్మాయ్ మనిషి సంగతి. ముందువైపు అందరూ బాగానే ఉంటారు" అనేవారు. ఆవిడ కుట్టు వెనక ఒక్క ముడి ఉండదు. దారం చివర కుట్ల కిందకి దూర్చి దాచేస్తారు. నేనేమో ప్రతిచోటా ముడి వేసి పారేసేదాన్ని. "నువ్వు కుడతన్నావా, ఆఫీసు కాగితాలు కట్ట కడతన్నావా?" అని అడిగేవారు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది గాని, మొదటి చలికాలం గడిచేసరికి నా చేతులు కాస్త మెత్తబడ్డాయి. కొల్లేటి గూడకొంగల్ని ఒక టేబుల్ క్లాత్ మీద కుట్టడం మొదలుపెట్టాను. చుట్టూ నీళ్ళు, నీళ్ళల్లో మొలిచే తూడు, మధ్యలో తొమ్మిది కొంగలు. పిన్నిగారు దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసి "బాగుందమ్మాయ్" అన్న రోజు, నేను ఇంటికి వచ్చి మా ఆయనకి ఉప్మాలో జీడిపప్పు వేశాను. నాకు ఆఫీసులో ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు.

మూడో చలికాలం మొదలయ్యేసరికి పిన్నిగారి మనవరాలికి, అంటే టైలరుగారి అమ్మాయికి, గణపవరం సంబంధం కుదిరింది. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఆడపిల్ల అత్తారింటికి పట్టుకెళ్ళే సామానులో దిండు గలీబుల జత ఒకటి నాయనమ్మ స్వయంగా కుట్టి ఇవ్వాలి. పెళ్ళి అయ్యేదాకా పిల్ల వాటిని చూడకూడదు. పిన్నిగారు పెద్ద మనవరాళ్ళు ముగ్గురికీ అలాగే ఇచ్చారు. ఈ పిల్ల ఆఖరిది. పైగా ఒకే ఇంట్లో ఉంటుంది కాబట్టి దాచడానికి చోటు లేక, "నీ బీరువాలో పెట్టమ్మాయ్, ఇక్కడే కూర్చుని కుడతాను" అన్నారు. అలా గలీబులు మా ఇంటికి వచ్చాయి. రోజూ పదింటికి ఆవిడ వచ్చి కిటికీ దగ్గర కూర్చోవడం, మధ్యాహ్నం నమాజు వేళకి వాళ్ళింటికి వెళ్ళడం. మళ్ళీ మర్నాడు పదింటికే.

సూదుల్లో దారం ఎక్కించి పెట్టడం నా పని. ఆరు సూదులు ఆరు రంగుల్లో ఎక్కించి దూదిదిండుకి గుచ్చి ఉంచేదాన్ని. ఆవిడ కావలసింది తీసుకునేవారు. ఒకరోజు నేను టీ పెట్టుకుని వచ్చేసరికి ఒక ఆకు పూర్తిచేసి రెండో ఆకు మొదలుపెట్టారు. రెండూ నీలం రంగులో ఉన్నాయి. కొత్త డిజైనేమో అనుకుని, "నీలం ఆకులు భలే ఉన్నాయే" అనబోయాను. ఈలోపు ఆవిడే, "ఈ ఆకుపచ్చ నిగనిగలాడతంది కదూ?" అన్నారు.

నేను "అవునండి" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. నోట్లోంచి వచ్చేసింది.

ఆవిడ వెళ్ళాక గుడ్డని వెలుగులో పెట్టి చూశాను. కాడలు గీసిన గీత మీద నుంచి పక్కకి వెళ్ళిపోయి, గట్టు తెగిన కాలవలా తిరిగి ఎక్కడో కలుస్తున్నాయి. ఒక పువ్వు రేకు సగంలో ఆగిపోయింది, ఆవిడ మాత్రం అయిపోయిందనుకున్నారు.  షావుకార్ల పెళ్ళిళ్ళకి పువ్వులు కుట్టిన చేయి అది. ఆ చేయి అలా అయిపోవడం నేను చూడలేకపోయాను. చిన్న కత్తెర తీసుకుని ఒక్కొక్క కుట్టూ విప్పి, ఆకుపచ్చ దారంతో మళ్ళీ కుట్టాను. మర్నాడు ఆవిడ ఏమీ పోల్చుకోలేదు. వేలితో తడిమి చూసుకుని తృప్తిగా తలాడించారు. నేనూ పెద్ద పుణ్యం చేసినట్టు మురిసిపోయాను.

ఇక అది అలవాటైపోయింది. పొద్దున ఆవిడ కుట్టడం, మధ్యాహ్నం నేను విప్పి కుట్టడం. మా ఆయన ఒకటి రెండుసార్లు చూసి, "ఆవిడకి చెప్పొచ్చు కదా" అన్నారు. "మీకు తెలీదు, ఊరుకోండి" అన్నాను. నాకు తెలిసిందేమిటో ఆయన అడగలేదు. పిన్నిగారి మొహంలో మాత్రం వెలుగు వచ్చింది. "చూశావా, డెబ్భై దాటినా నా చేయి ఇంకా ఎటూ పోలేదు" అని రోజుకొకసారి అనేవారు. అన్నప్పుడల్లా నేను ఇంకో అబద్ధం ఆడేదాన్ని.

ఒక ఆదివారం టైలరుగారు మా గుమ్మంలోకి వచ్చి, చెప్పులు విప్పి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డారు.

"అక్కగారూ, మీతో ఒక మాటండి. అమ్మకి రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరిపోయాయని వానాకాలంలోనే డాక్టరుగారు చెప్పారండి. ఇంకా ఆలస్యం చేస్తే రాయిలా గట్టిపడిపోతాయి, అప్పుడు తియ్యడం కష్టం, చూపు వస్తదని మాటివ్వలేనని అన్నారండి. జనవరికి డేటు ఇచ్చారు. అమ్మేమో నిన్న రానంటే రానని కూర్చుంది."

"అదేంటండీ, ఎందుకట?"

"మీ దగ్గరున్న గలీబు ఒకటి తెచ్చి నాకు చూపించిందండి. ఇంత సన్నపు పని చేస్తన్న కళ్ళకి కోతెందుకురా అంది. నేను వెలుగులో పెట్టి మరీ చూశాను. అంత శుభ్రంగా ఉందండి. ఆపరేషన్ మానిపించేద్దామా అనిపిస్తంది. రోజూ పక్కన కూర్చుంటారు కదా, మీరేమంటారు?"

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, సరిగ్గా అదే చేశాను నేను. ఆవిడ కళ్ళు పోతున్నాయని ఆవిడకి చెప్పగలిగిన సాక్ష్యం ఆ గుడ్డ ఒక్కటే. దాన్ని నా చేత్తోనే చెరిపేశాను. టైలరుగారితో, "ఆపరేషన్ మానిపించొద్దండి. నేను పిన్నిగారితో మాట్లాడతాను" అని మాత్రం అని పంపేశాను. ఆ సోమ, మంగళవారాలు పిన్నిగారు వచ్చి కూర్చున్నప్పుడల్లా నోరు తెరవడం, వంటింట్లో ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళడం. తిడతారని కాదు నా భయం. రేపటి నుంచి ఆ కిటికీ దగ్గర ఆవిడ ఉండరేమో అని.

బుధవారం ఆవిడ సూది అందుకోబోతుండగా చెప్పేశాను.

"పిన్నిగారూ, గలీబు మీద ఉన్న కుట్లన్నీ మీవి కావండి. నేను విప్పి కుట్టాను."

ఆవిడకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. అప్పుడు గుడ్డని మెల్లగా తిరగేసి, వెనకవైపు బొటనవేలితో రుద్దుకుంటూ పోయారు. వేలు ఒకచోట ఆగింది. ఇంకోచోట ఆగింది.

"ముడులు" అన్నారు. వేలు తియ్యకుండానే, "ఎన్ని విప్పావు?" అని అడిగారు.

"కుడివైపు కాడలన్నీనండి. ఆకులు తొమ్మిది."

"ఆకులకేం వచ్చింది?"

"నీలం దారంతో కుట్టారండి."

ఆవిడ కిటికీ వైపు మొహం తిప్పుకున్నారు. కోప్పడితే బాగుండుననిపించింది. కోపానికి నేను జవాబు చెప్పగలను, అందులో నాకు చిన్నప్పటి నుంచీ అనుభవం ఉంది.

"నాకు కళ్ళు కనపడట్లేదని నెలరోజుల నుంచీ నీకు తెలుసు. నాకివాళ తెలిసింది" అన్నారు. గొంతు పెంచలేదు. గలీబులు రెండూ మడతపెట్టుకుని చంకలో పెట్టుకుని, గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయారు. మా రెండు వాటాలకీ మధ్య ఉన్న చిన్న తలుపు అటువైపు నుంచి గడియ పడింది. ఆ తలుపుకి గడియ ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ తర్వాత రోజుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చలి బాగానే ఉంది. ఎండ వేళకి వచ్చి గచ్చు మీద పడేది. నేను రింగు పట్టుకుని కూర్చునేదాన్ని, రెండు కుట్లు కుట్టి లేచిపోయేదాన్ని. టైలరుగారు సందులో కనపడినప్పుడు, అమ్మ గలీబు మీద కుట్లు విప్పుకుంటూ కూర్చుంటోందని, పిల్ల కంటపడకుండా గది తలుపు వేసుకుంటోందని చెప్పారు. నా కుట్లన్నీ వెనక ముడుల్ని బట్టి పోల్చుకుని, ఒక్కొక్కటీ పీకేసి, ఆ ఖాళీల్లో తనే మళ్ళీ కుట్టారట. వంకరగా వస్తున్నాయని కొడుకు అంటే, "వంకరైతే అయ్యాయి. నాయనమ్మ కుట్టిందని పిల్లకి ఇస్తన్నాను. పక్కింటావిడ కుట్టిందని కాదు" అన్నారట. అది విని సందులోనే నాకు కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. నేను విప్పింది దారం అనుకున్నాను. ఆవిడ మనవరాలికి ఇవ్వదలచుకున్నదాన్నే విప్పేశానని నాకు తట్టలేదు.

"మరి ఆపరేషనండీ?" అని అడిగాను.

"ఆ బుధవారం సాయంత్రమే, జనవరి డేటుకి వస్తానని డాక్టరుగారికి చెప్పి రమ్మందండి" అన్నారు టైలరుగారు.

జనవరిలో ముందు ఒక కన్ను, తర్వాత రెండో కన్ను చేయించారు. నేను ఆసుపత్రికి వెళ్ళలేదు. పిలవని చోటికి వెళ్ళే మొహం నాకు లేదు. మా ఆయన వెళ్ళి చూసి వచ్చి, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పిన్నిగారు సినిమా వాళ్ళలా ఉన్నారని చెప్పారు. నన్ను అడిగారా అని నేను అడగలేదు, అడిగారని ఆయనా చెప్పలేదు. గంటగంటకీ చుక్కల మందు వెయ్యడానికి మనవరాలు అలారం పెట్టుకుందట. ఆ అలారం గోడ అవతల మోగినప్పుడల్లా నేను ఏ పనిలో ఉన్నా ఆగేదాన్ని.

ఫిబ్రవరిలో, మంచు పల్చబడుతున్న రోజుల్లో, ఒక పొద్దున గడియ తీసిన చప్పుడైంది. పిన్నిగారు కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని, గోడ పట్టుకోకుండా నడిచి వచ్చి, తన చోట్లో తను కూర్చున్నారు. నేను లేచి నిలబడ్డాను. ఆవిడ నా మొహం వంక చాలాసేపు చూశారు.

"నీ జుట్టు ఇంత నెరిసిందేంటమ్మాయ్? ఎప్పట్నించి?" అన్నారు.

"మూడేళ్ళయిందండి. రంగు వేసుకోవడం మానేశాను."

"ఊఁ. నాకెవరూ చెప్పలేదు."

టీ తేనా అని అడిగితే వద్దన్నారు. ఒక గలీబు పూర్తయిందని, దానిమీద మళ్ళీ కుట్టిన ఆకులు తొమ్మిదీ కూడా నీలంగానే వచ్చాయని, వాటిని అలాగే ఉంచేశానని, కళ్ళు కనపడని రోజుల్లో కుట్టింది కాబట్టి అది అలాగే ఉంటుందని చెప్పారు. రెండోది ఇప్పుడు మొదలుపెట్టి పెళ్ళిలోపు పూర్తి చేస్తారట. ఆ మాట చెబుతూనే చెయ్యి చాపి, నా ఒళ్ళో ఉన్న టేబుల్ క్లాత్ తీసుకున్నారు. రెండేళ్ళ నా కొల్లేరు అది. కళ్ళకి దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు.

"దీన్ని నేను బాగుందన్నానా?"

"అన్నారండి."

"ఈ నీళ్ళేంటి, పసుపు కలిపినట్టున్నాయి? కొంగల ముక్కులేంటి, నేరేడుపళ్ళు తిన్నట్టు? ఈ తూడంతా బిగించి లాగేశావు, గుడ్డ ఎలా ముడుచుకుపోయిందో చూడు. తొమ్మిది కొంగల్లో రెండు పనికొస్తాయి."

నాకు చెవులు వేడెక్కాయి. రెండేళ్ళ పని. ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే మా ఉల్లిపాయల కొట్టు నోరు ఏమిటో చూసేవాళ్ళు. ఏదో అనబోయి ఆవిడ వంక చూశాను. ఆ కళ్ళు తేటగా ఉన్నాయి. సూటిగా నన్నే చూస్తున్నాయి.

"కష్టంగా ఉందా?" అని అడిగారు.

"ఉందండి."

"నాకూ ఇంతే కష్టంగా ఉండేది, నువ్వు ఆ రోజే చెప్పుంటే. చెప్పినా నీ మొహం చూడ్డం మానేదాన్నా?"

 ఆవిడ రింగు లోపల ఉన్న గుడ్డని బిగుతుగా సరిచేసి, చిన్న కత్తెర నా చేతిలో పెట్టారు.

"నేను విప్పను. నువ్వే విప్పు" అన్నారు.

మొదటి కొంగ ముక్కు దగ్గర కత్తెర మొన దూర్చాను. నా కళ్ళకి నీళ్ళడ్డం వచ్చి ఏ కుట్టు ఎక్కడుందో కనపడలేదు. గుడ్డ జారిపోకుండా ఆవిడ రింగు అవతలి అంచు పట్టుకుని, ఏది కత్తిరించాలో వేలితో చూపిస్తూ కూర్చున్నారు.